కంటి శిబిరాల లెక్కలో హారం

ఊళ్ళో ఉచిత కంటి వైద్య శిబిరం జరిగిన మరునాడు పత్రికలో వచ్చే వార్త దాదాపు ఒకే తీరున ఉంటుంది: ఇంతమందిని పరీక్షించారు, ఇంతమందికి కళ్ళజోళ్ళు ఇచ్చారు, ఇంతమందిని శుక్లాల ఆపరేషన్‌కు ఎంపిక చేశారు. ఈ అంకెలు నిజమే కావచ్చు, కాని అవన్నీ లవంలో ఉండే అంకెలు. చుట్టుపక్కల పల్లెల్లో చూపు మందగించినవారు మొత్తం ఎందరు అన్న హారం తెలియనిదే, ఆసుపత్రి ప్రజల దగ్గరకు నిజంగా చేరిందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆ హారాన్ని పట్టుకున్న అధ్యయనం ఒకటి 1999లో వెలువడింది. మదురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పదకొండు పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి అప్పటికే పల్లె శిబిరాలకు పేరుపొందింది. ఆపరేషన్ అవసరమైనవారిని బస్సులో తీసుకువచ్చి, భోజనం, వసతితో సహా చికిత్స చేసి, తిరిగి ఊరికి చేర్చే పద్ధతిని అది ఎంతో క్రమబద్ధంగా నడిపేది. అటువంటి శిబిరాలు అందుబాటులో ఉన్న తమిళనాడు పల్లెల్లో పరిశోధకులు ప్రజలనే నేరుగా పలకరించి చూడగా, కంటి సమస్య ఉన్న పెద్దలలో శిబిరానికి వచ్చినవారు నూటికి ఏడుగురేనని తేలింది. మిగిలినవారు చెప్పిన కారణాలలో ఆపరేషన్ అంటే భయం, ఇంటి బాధ్యతలు, ఖర్చు, ఈ వయసులో చూపు తగ్గడం మామూలేనన్న సరిపెట్టుకోలు అన్నీ ఉన్నాయి. చికిత్స ఉచితమే అయినా రోగి పోగొట్టుకునే కూలి, తోడు వచ్చే కొడుకు పోగొట్టుకునే కూలి ఉచితం కావు. ఆ ఫలితాన్ని దాచుకోకుండా శిబిరాల పద్ధతినే తిరిగి పరిశీలించుకోవడం అరవింద్ చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం. 2004 ప్రాంతంలో తమిళనాడులోని తేని జిల్లా వైపు పల్లెల్లో ఏడాది పొడవునా తెరిచి ఉండే చిన్న దృష్టి కేంద్రాలు మొదలై, అక్కడి రోగితో ఆసుపత్రిలోని డాక్టరు వీడియో ద్వారా మాట్లాడే ఏర్పాటు జరిగింది.

తెలుగు నేల మీద ఇదే ప్రశ్నను మరోవైపు నుంచి అడిగినవారు ఉన్నారు. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మందిని పరీక్షించారు. వీరు ఆసుపత్రికి వచ్చినవారు కారు, నమూనాగా ఎంచుకున్న ఇళ్ళలోని మనుషులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంధత్వం 1.84 శాతమని వారు అంచనా కట్టారు. అందులో 44 శాతానికి కారణం శుక్లం. మరో 16 శాతానికి పైగా సరైన కళ్ళజోడు లేకపోవడం వల్లనే వచ్చింది. అంటే గుడ్డివారుగా లెక్కకు వచ్చిన ప్రతి ఆరుగురిలో ఒకరికి కత్తి, మందు ఏదీ అక్కర్లేదు, అద్దాలు ఇస్తే చాలు.

కంటి సమస్యలన్నిటి స్వభావం ఒకటి కాదు. శుక్లం అంటే కంటి కటకంలోని ప్రోటీన్లు గుంపుకట్టి, ఉడికిన తెల్లసొనలాగా పారదర్శకతను కోల్పోవడం. ఆ కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమరిస్తే చాలావరకు సమస్య తీరుతుంది కనుక, ఒక్కరోజు శిబిరం దీనికి కొంతవరకు సరిపోతుంది. చత్వారం అలా కాదు. నలభై దాటాక కటకం గట్టిపడి దగ్గరి వస్తువుల మీద చూపు నిలపలేకపోతుంది. ఆ తరువాత కొన్నేళ్ళపాటు అద్దాల పవరు మారుతూనే ఉంటుంది. నీటికాసుల వ్యాధిలో (గ్లాకోమా) చాలామందికి నొప్పి ఉండదు, పక్కచూపు తగ్గుతున్న సంగతి కూడా తెలియదు. చుక్కల మందు మొదలుపెడితే సాధారణంగా జీవితాంతం వాడవలసి ఉంటుంది. మధుమేహం ఉన్నవారి రెటీనాను ఏటా చూడాలి. ఇటువంటివారికి కావలసినది ఎప్పుడో వచ్చిపోయే డాక్టరు కాదు, పలానా చోట రేపు కూడా తలుపు తెరిచి ఉంటుందన్న భరోసా.

1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ సంస్థ తన సేవలను పిరమిడ్ ఆకారంలో అమర్చడానికి కారణం ఇదే. అడుగున సుమారు 5,000 మంది జనాభాకు ఒకరు చొప్పున ఇళ్ళకు వెళ్ళి పలకరించే స్థానిక కార్యకర్తలు, ఆ పైన 50,000 మందికి ఒక దృష్టి కేంద్రం, 5 లక్షల మందికి ఆపరేషన్లు చేసే ద్వితీయ స్థాయి ఆసుపత్రి, 50 లక్షల మందికి విజయవాడ, విశాఖపట్నం, భువనేశ్వర్ వంటి నగరాల్లోని పెద్ద ఆసుపత్రి, శిఖరాన హైదరాబాద్ కేంద్రం ఉంటాయి. దృష్టి కేంద్రంలో డాక్టరు ఉండరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళకు చెందిన, ఇంటర్మీడియట్ చదివిన యువతీ యువకులకు ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి దృష్టి సాంకేతికులుగా తయారుచేస్తారు. వారు చూపును కొలిచి కళ్ళజోడు రాస్తారు, కంటి ఒత్తిడి చూస్తారు, తమ వల్ల కానివారిని పై ఆసుపత్రికి పంపుతారు. కళ్ళజోళ్ళ అమ్మకం ద్వారా వచ్చే రాబడి కేంద్రం నడిచేందుకు ఆధారమవుతుంది. ఉచితంగా ఇవ్వకుండా అమ్మడమేమిటని కొందరు అడుగుతారు గాని, దాత ఉత్సాహం తగ్గిన ఏడాదే మూతపడే కేంద్రం కంటే ఇది మేలు.

కళ్ళజోడు చిన్న విషయమనుకునేవారికి అస్సాం తేయాకు తోటల్లో జరిగిన ప్రయోగం ఒకటి చెప్పాలి. నలభై దాటిన 751 మంది కార్మికులలో కొందరికి దగ్గరి చూపు అద్దాలు ముందుగా ఇచ్చి, మిగిలినవారికి ప్రయోగం ముగిశాక ఇచ్చారు. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అద్దాలు ముందుగా పొందినవారు ఎదుటి జట్టు కంటే 21.7 శాతం ఎక్కువ ఉత్పాదకత సాధించారు. ఎక్కువ ఆకు తెంచితే కూలి కూడా పెరుగుతుంది కనుక, ఇది చేతికి వచ్చే డబ్బు.

అదే ఏడాది ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన కంటి వెలుగు తొలి విడతలో సుమారు కోటిన్నర మందిని పరీక్షించింది. రాష్ట్ర జనాభా అంతటినీ లక్ష్యంగా పెట్టుకున్నది గనుక ఇక్కడ హారం ముందే తెలుసు, అది మెచ్చుకోవలసిన విషయం. అయితే ప్రచారం ఎంత పెద్దదైనా రెండేళ్ళకు విరిగిన ఫ్రేమును ఎవరు మారుస్తారన్న ప్రశ్నకు జవాబు ఆ ఊరి దగ్గరే ఉండాలి.

స్థిరమైన కేంద్రాలు వచ్చినంత మాత్రాన అన్నీ తీరలేదు. చూపు కోల్పోయినవారిలో స్త్రీలే ఎక్కువ, ఆపరేషన్ దాకా చేరేవారిలో మాత్రం వారు వెనుకబడుతున్నారు. తోడు ఎవరు వెళ్ళాలన్నది తేలక ఆగిపోయే ప్రయాణాలలో పెద్ద వయసు స్త్రీలవే అధికం. ఇటువంటి తేడాలు శిబిరం రిజిస్టరులో కనిపించవు. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థలో విధానాలు నిర్ణయించే సభ) సభ్యదేశాలకు పెట్టిన లక్ష్యంలో ఎన్ని ఆపరేషన్లు చేశారన్న లెక్క లేదు. ఆపరేషన్ అవసరమైనవారిలో ఎంత శాతం మంది దాన్ని చేయించుకుని మంచి చూపు పొందారన్నదే కొలమానం. 2030 నాటికి శుక్లాల విషయంలో ఆ శాతం 30 పాయింట్లు, కళ్ళజోళ్ళ విషయంలో అటువంటిదే 40 పాయింట్లు పెరగాలి. దీన్ని లెక్కించాలంటే ఆసుపత్రికి ఎన్నడూ రానివారి ఇళ్ళకు సర్వే బృందాలు వెళ్ళక తప్పదు.