ఇరవై డిగ్రీలు దాటితే సాల్మన్‌కు గండమే

ఇరవై ఒక్క డిగ్రీల నీళ్లంటే మనకు చన్నీళ్ల కిందే లెక్క. పొద్దున్నే ఒంటి మీద పోసుకుంటే వణుకొస్తుంది. అమెరికాలోని కొలంబియా నదిలో మాత్రం 2015 వేసవిలో ఆ కాస్త వేడికే సాకై సాల్మన్ చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. ఆ ఏడాది సముద్రం నుంచి సుమారు 5 లక్షల సాకైలు నదిలోకి వస్తే, వాటిలో దాదాపు సగం చేపలు దారిలోనే చనిపోయాయి. అంతకుముందు చలికాలంలో కొండల మీద మంచుగా పడాల్సింది చాలావరకు వానగా కురిసింది. కరగడానికి మంచు లేక వేసవికి నది చిక్కిపోయింది. జూన్‌లోనే ఎండలు మండాయి.

మన గోదావరి పులసలాగే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలో ఎదురీదుతుంది. నదిలోకి వచ్చాక మేత ముట్టదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే దారిఖర్చు. నీటితో పాటే చేప ఒళ్లూ వేడెక్కుతుంది కాబట్టి, ఊరికే ఒకచోట ఆగినా ఆ కొవ్వు త్వరగా ఖర్చయిపోతుంది.

అసలు చిక్కు గుండెతో. 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 20 దగ్గర 9 మాత్రమే. ఒంటికి ఎక్కువ కావలసినప్పుడే నీటిలో దొరికేది తగ్గిందన్నమాట. గుండె వేగం పెంచుతుంది, ఒక హద్దు దాటాక ఇక పెంచలేక లయ తప్పుతుంది. పైగా సాల్మన్ గుండె కండరంలో చాలా భాగం స్పాంజి లాంటిది. దానికి ఆక్సిజన్ అందేది ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తంలో మిగిలిన దాంట్లోంచే. ఈత కండరాలు ఎంత లాగేసుకుంటే గుండెకు అంత కరువు.

కెనడాలోని ఫ్రేజర్ నది సాకైల మీద ఎరికా ఎలియాసన్, టోనీ ఫారెల్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తుంది. ఒకే నదిలోని వేర్వేరు గుంపులు వేడిని ఒకేలా తట్టుకోవు. కష్టమైన దారిలో చాలా ఎత్తుకు ఎక్కే చిల్కో సాకైలు మిగతా వాటికన్నా గట్టివి. తరతరాలుగా ఏ గుంపు దారికి తగ్గట్టు దాని గుండె కుదిరింది. నది మాత్రం అన్ని తరాల గడువివ్వకుండా వేడెక్కుతోంది. వేడి నీళ్లలో మొప్పలను పాడుచేసే బాక్టీరియా జబ్బులు కూడా చెలరేగుతాయి.

కొలంబియా ఉపనది స్నేక్‌లో పరిస్థితి ఇంకా టెన్షన్. అక్కడి సాకైలు సుమారు 1,450 కిలోమీటర్లు ఈది ఐడహోలోని రెడ్‌ఫిష్ సరస్సుకు చేరాలి. 1992లో అక్కడికి చేరింది ఒకే ఒక్క మగ చేప. 2015లో అధికారులు లోయర్ గ్రానైట్ డ్యామ్ దగ్గరే కొన్నింటిని పట్టి లారీల్లో తరలించాల్సి వచ్చింది. డ్యామ్ దాటడానికి చేపలెక్కే మెట్లలోకి జలాశయం పైపొర నీళ్లు వస్తే ఇంకా వేడి, అందుకే ఇప్పుడు అక్కడ లోతు నుంచి చల్లనీళ్లు తోడి పోస్తున్నారు. ఎగువన డ్వోర్షాక్ డ్యామ్ నుంచి కూడా వేసవిలో అడుగునీళ్లు వదులుతారు. మంచి ఉపాయమే. కానీ ఆ చల్లదనం బాగా పనిచేసేది లోయర్ గ్రానైట్ దగ్గరే, అక్కడికి రావాలంటే చేప అంతకుముందే ఏడు డ్యాములు దాటాలి.