పిట్ట గూటి పాయసం

గూడు తినడమేమిటని ముఖం చిట్లించే ముందు దాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. అరచేతిలో ఇమిడే సగం దొప్ప. ఎండిన జిగురు పోగులు ఒకదానిపై ఒకటి అల్లుకుని, వెలుతురుకు పట్టుకుంటే లేత పసుపుగా కనిపిస్తాయి. పుల్ల లేదు, గడ్డిపరక లేదు. ఆగ్నేయాసియా గుహల్లో, మన అండమాన్ గుహల్లోనూ ఉండే స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్ట నాలుక కింద ఊరే ఉమ్మితో వారాల తరబడి రాతిగోడకు కట్టుకున్న ఇల్లది. దాన్ని నానబెట్టి, చిక్కుకున్న ఈకలను పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి, పటికబెల్లం వేసి ఆవిరి మీద ఉడికిస్తే చైనావాళ్లు శతాబ్దాలుగా మెచ్చే యెన్‌వో సిద్ధం. సగ్గుబియ్యం జావలా గొంతులోకి జారిపోతుంది. సొంత రుచి దాదాపు లేదు.

రుచి లేని ఈ పదార్థానికి భారీ ధర పలకడానికి ఒక కారణం దాని మీద ఉన్న నమ్మకం: రోగనిరోధక శక్తి పెరుగుతుందట. ఆ శక్తేదో సోలతో కొలిచి పోసుకునే సరుకైనట్టు!

నమ్మకం వెనుక సైన్సు లేకపోలేదు. గూటి బరువులో సగానికి పైగా ప్రోటీను, సుమారు 10 శాతం సియాలిక్ ఆమ్లం అనే ఒక రకం చక్కెర. మన కణాల ఉపరితలం మీద కూడా ఇదే చక్కెర వేలాడుతుంటుంది. ఫ్లూ వైరస్ దాన్ని పట్టుకునే కణంలోకి దూరుతుంది. 2006లో ఒక పరిశోధక బృందం గూటి సారాన్ని క్లోమరసపు ఎంజైములతో ముక్కలు చేసి, ప్రయోగశాలలో పెంచిన కుక్క మూత్రపిండ కణాల దగ్గర వైరస్‌తో కలిపింది. వైరస్ ఆ కుక్క కణాలను వదిలి గూటి ముక్కలకే అతుక్కుంది. ఇంటి తలుపు అనుకుని పెరట్లో పడేసిన పాత తలుపును తట్టే దొంగలాగా. చక్కటి ఫలితమే. కానీ ఇందులో రోగనిరోధక కణం ఒక్కటీ లేదు. పైగా గాజు పళ్లెంలో సారం, వైరస్ పక్కపక్కనే ఉంటాయి. మనం తాగిన జావ కడుపులోకి పోతుంది, ఫ్లూ వైరస్ ముక్కులో, గొంతులో ఉంటుంది. అక్కడ ఆ ఎర పని మన చీమిడి, మన ఉమ్మి ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాయి. వాటిలోనూ సియాలిక్ ఆమ్లం ఉంది, ఉచితంగా.

గూటి సారం తగిలిన లింఫోసైట్లు, అంటే తెల్లరక్తకణాల్లో ఒక రకం, చురుగ్గా విభజన చెందాయని మరికొన్ని ప్రయోగాలు చూపాయి. అంతమాత్రాన మురిసిపోనక్కర్లేదు. రాజ్మా గింజల్లోని లెక్టిన్ అనే ప్రోటీను కూడా లింఫోసైట్లను అలాగే విభజింపజేస్తుంది. ప్రయోగశాలల్లో దాన్ని అందుకే వాడతారు. పచ్చి రాజ్మా తింటే మాత్రం దక్కేది వాంతులే.

మనుషుల్లో రోగనిరోధక కణాలు ఈ గూటికి గట్టిగా స్పందించిన సందర్భం నిజంగానే ఒకటుంది. 1990లలో సింగపూర్‌లో ఆహారం పడక ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్ని వైద్యులు పరిశీలిస్తే, అన్నిటికన్నా ఎక్కువసార్లు కారణమని తేలింది వేరుశనగ కాదు, గుడ్డు కాదు, పిట్ట గూడు. గూటి ప్రోటీనును శత్రువుగా పొరబడిన ఐజీఈ రకం యాంటీబాడీలు మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయి, అవి హిస్టమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం. అలాంటి బిడ్డకు వెంటనే ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షను.