నవ్వించే డిటెక్టివ్ కథలు తెరమీద: అపోహలు - వాస్తవాలు

పాత డిటెక్టివ్ కథలను తెరకు రాయడం నా వృత్తి. అందులోనూ ఎక్కువగా రాసేది తేలికపాటి హాస్యంతో సాగే అనుసరణలు. హత్య ఉంటుంది, అనుమానితులు ఉంటారు, విప్పాల్సిన ముడి ఉంటుంది, అయినా చూస్తున్నంతసేపూ ముఖం మీద చిరునవ్వు చెరగదు. ఈ తరహా రచన గురించి నిర్మాతల్లోనూ, సాటి రచయితల్లోనూ, డిటెక్టివ్ నవలలను ప్రాణంగా చదివే పాఠకుల్లోనూ కొన్ని అభిప్రాయాలు పాతుకుపోయాయి. వాటిలో చాలావరకు తప్పు. ఎందుకు తప్పో చెబుతాను. హంతకుడెవరో మాత్రం ఏ కథలోనూ బయటపెట్టను. ఇంకా చూడనివాళ్ల ఆనందాన్ని పాడుచేసే హక్కు నాకు లేదు.

అపోహ: గంభీరమైన డిటెక్టివ్ కథలను కామెడీగా మార్చడం ఈ కాలపు జబ్బు

షెర్లాక్ హోమ్స్ తెరమీద అడుగుపెట్టిందే నవ్వించడానికి. ఇప్పటికి తెలిసినంతలో హోమ్స్ కనిపించే మొట్టమొదటి చిత్రం 1900లో అమెరికాలో తీసిన ‘షెర్లాక్ హోమ్స్ బాఫిల్డ్’. నిడివి ఒక నిమిషం కూడా లేదు. హోమ్స్ గదిలో ఒక దొంగ సామాను మూటగడుతుంటాడు. పట్టుకోబోతే మాయమవుతాడు, మళ్లీ ప్రత్యక్షమవుతాడు, చివరికి మూటతో సహా చేతికి చిక్కకుండా పోతాడు. అంతటి డిటెక్టివ్ దిక్కుతోచక నిలబడిపోతాడు. చేత్తో పిడి తిప్పుతూ ఒక్కొక్కరే కన్నానించి చూసే మ్యూటోస్కోప్ పెట్టెల కోసం తీసిన చిత్రం అది. 1924లో హాస్యనటుడు బస్టర్ కీటన్ ‘షెర్లాక్ జూనియర్’ వచ్చేనాటికి కానన్ డాయిల్ ఇంకా హోమ్స్ కథలు రాస్తూనే ఉన్నాడు.

మూలకథల్లోనే హాస్యం ఉందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. 1891లో అచ్చయిన ‘ది రెడ్ హెడెడ్ లీగ్’ తీసుకోండి. జుట్టు ఎర్రగా ఉన్నందుకు ఒక తాకట్టు వ్యాపారికి వారానికి 4 పౌండ్ల జీతంతో ఉద్యోగం దొరుకుతుంది. పని ఏమిటంటే ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాను ‘ఏ’ అక్షరం నుంచి చూసి రాయడం! ఆ ఉద్యోగం ఉన్నట్టుండి ఊడిపోయిందని అతను వచ్చి మొర పెట్టుకుంటే హోమ్స్, ఆయన మిత్రుడు వాట్సన్ ఇద్దరూ ఆపుకోలేక పగలబడి నవ్వుతారు. పాపం, అతను నొచ్చుకుంటాడు. ఇంత అర్థంలేని పనికి అంత జీతం ఎవరైనా ఎందుకిస్తారు? కథలో నవ్వు పుట్టించే ప్రశ్న, నేరాన్ని బయటపెట్టే ప్రశ్న రెండూ ఇదే. హాస్యాన్ని తీసేస్తే అక్కడ మిస్టరీ కూడా మిగలదు.

అపోహ: నవ్వులు ఎక్కువైతే మిస్టరీ పలచబడుతుంది

నేను అందరికంటే ఎక్కువగా వాదించేది ఈ మాట మీదే.

పుస్తకంలో ఒక ఆధారాన్ని దాచడం తేలిక. సుదీర్ఘమైన వర్ణన మధ్యలో ఒక్క వాక్యంగా పెట్టేయవచ్చు. అనుమానం వచ్చిన పాఠకుడు నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చూసుకుంటాడు. తెరమీద ఆ వెసులుబాటు లేదు. తాళంచెవిని దగ్గరగా చూపిస్తే చిన్నపిల్లలకు కూడా సంగతి తెలిసిపోతుంది. దూరం నుంచి చూపిస్తే ఎవరికీ కనిపించదు, తర్వాత మోసం చేశారని తిడతారు. ఆధారం కళ్లెదుటే ఉండాలి, అది ఆధారమని మాత్రం తట్టకూడదు. దీనికి హాస్యాన్ని మించిన పనిముట్టు నాకు ఇంతవరకు దొరకలేదు. నవ్వుతున్న క్షణంలో మనిషి లెక్కలు వేయడు. ఒక పాత్రను చూసి నవ్వడం అలవాటయ్యాక, ఆ పాత్ర చెప్పే నిజాన్ని కూడా నవ్వులోనే కొట్టిపారేస్తాడు.

అందుకే నేను స్క్రీన్‌ప్లే మొదలుపెట్టే ముందు ఆధారాల పట్టిక రాసుకుంటాను. ఏ ఆధారం ఏ సీనులో వస్తుంది, ఎవరి కంట పడుతుంది, ప్రేక్షకుడికి ఎన్నిసార్లు కనిపిస్తుంది అన్నవి తేలాకే హాస్యం జోలికి వెళతాను. వదరుబోతు పక్కింటావిడ ఆ రోజు వీధిలో వచ్చిపోయిన వాళ్లందరి గురించి ఏకరువు పెడుతుందనుకోండి. ఆమె ధోరణికి మనం నవ్వుకుంటాం. ఆ జాబితాలో ఉండకూడని పేరు ఒకటి ఉంటుంది. అది మన చెవిన పడుతుంది, కానీ బుర్రకెక్కదు.

ఇందులో ఒక మెలకువ ఉంది. ఆధారం మాటల్లో ఉంటే అది నవ్వుకు ముందే రావాలి. లేకపోతే ప్రేక్షకుల నవ్వులో మునిగిపోతుంది. కంటికి కనిపించే ఆధారమైతే సరిగ్గా నవ్వు మీదే పడవచ్చు. అలాగని ఆధారం ఉన్న చోటల్లా నవ్వు పెడితే, చురుకైన ప్రేక్షకుడు రెండో సీనుకే ఆ పద్ధతిని పసిగట్టేస్తాడు. అందువల్ల ఏ ఆధారమూ లేని నవ్వులు, ఏ నవ్వూ లేని ఆధారాలు కూడా కథంతా చల్లి ఉంచాలి. నా సమయంలో ఎక్కువ భాగం ఈ అమరికకే పోతుంది.

పాఠకుడికి అన్ని ఆధారాలూ నిజాయతీగా అందించాలని డిటెక్టివ్ నవలా రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు రాశాడు. మరుసటి ఏడాది లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్ రచయితలు కూడా ఆ నిజాయతీకి కట్టుబడ్డారు. కామెడీ రాస్తున్నామని మనకు మినహాయింపు ఏమీ రాదు. ఒక అనుమానితుడు అర్ధరాత్రి బీరువాలో దాక్కుని నవ్వించాడంటే, అతను ఎందుకు దాక్కున్నాడో కథ ముగిసేలోగా తెలియాలి. కేవలం నవ్వు కోసం దాక్కున్నాడంటే రచయిత ప్రేక్షకుణ్ణి మోసం చేసినట్టే.

మిస్టరీ, హాస్యం ఒకదాన్నొకటి మోసుకెళ్లగలవని 1934లోనే ‘ది థిన్ మ్యాన్’ చూపించింది. డాషియెల్ హామెట్ నవల అచ్చయిన ఏడాదే విడుదలైన ఆ సినిమాలో విలియం పావెల్, మిర్నా లాయ్ భార్యాభర్తలుగా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే హత్య కేసును ఛేదిస్తారు. చివర్లో అనుమానితులందరినీ రాత్రి భోజనానికి పిలిచి ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే సీను ఇప్పటికీ పాఠంలాంటిది. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. 1947 వరకు మొత్తం ఆరు సినిమాలుగా ఆ వరస సాగింది. హంతకుడెవరో తెలిసిపోయాక చాలా మిస్టరీలను మళ్లీ చూడబుద్ధి కాదు. దీన్ని మాత్రం ఆ దంపతుల మాటల కోసం ఎన్నిసార్లైనా చూడవచ్చు.

అగాథా క్రిస్టీ డిటెక్టివ్ హెర్క్యూల్ పాయ్‌రో మీసాలు, డాబు, తడబడే ఇంగ్లీషు చూసి అందరూ నవ్వుకుంటారు. ‘త్రీ యాక్ట్ ట్రాజెడీ’ నవలలో ఆ గుట్టు అతనే విప్పుతాడు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడగలడు, అయినా కావాలనే తడబడతాడు. ఎదుటివాళ్లు చులకనగా చూస్తే జాగ్రత్తపడటం మానేస్తారు, అదే అతనికి కావాలి. నటుడు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. పాయ్‌రో నవ్వులాటగా కనిపిస్తున్నంతసేపూ పరిశోధన జరుగుతున్నట్టే.

అపోహ: డిటెక్టివ్ పక్కన ఒక తెలివితక్కువవాడు ఉండి తీరాలి

ఈ అలవాటుకు పెద్ద ఊతం 1939 నుంచి 1946 వరకు బాసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా వచ్చిన 14 సినిమాలు. వాటిలో వాట్సన్‌గా నైజెల్ బ్రూస్ వేసిన తికమక పెద్దమనిషి వేషం ఎంతగా జనంలోకి వెళ్లిందంటే, వాట్సన్ అంటే మొద్దు అన్న ముద్ర పడిపోయింది. బ్రూస్ నటన నాకు ఇష్టమే. కానీ కానన్ డాయిల్ వాట్సన్ వేరు. అతను డాక్టరు, అఫ్గానిస్తాన్‌లో జరిగిన మైవంద్ యుద్ధంలో గాయపడిన సైనికుడు, దాదాపు అన్ని కథలనూ మనకు చెప్పేది అతనే. మొద్దు అలా రాయలేడు.

1988లో వచ్చిన ‘వితౌట్ ఎ క్లూ’ ఈ ముద్రనే తిరగేసింది. అందులో అసలు మేధావి వాట్సన్. హోమ్స్ అతను కూలికి పెట్టుకున్న నటుడు. బెన్ కింగ్స్‌లీ, మైకేల్ కేన్ ఆ జంటగా చేశారు. వాట్సన్ పడే ఉక్రోషం చూస్తే నవ్వుతో పాటు జాలి కూడా కలుగుతుంది.

సహాయకుడి హాస్యం ఎలా ఉండాలో నేర్చుకోవాలంటే నేను సత్యజిత్ రాయ్ వైపు చూస్తాను. ‘సోనార్ కెల్లా’ (1974), ‘జోయ్ బాబా ఫెలునాథ్’ (1979) సినిమాల్లో రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా వెంట ఉండే జటాయు సాహస నవలలు రాసే రచయిత. ఆయన నవలల్లో తప్పులు దొర్లుతాయి, ఫెలూదా దిద్దుతాడు. అయినా జటాయును ఎవరూ అవమానించరు. భయపడుతూనే ప్రమాదంలోకి నడిచే మనిషి ఆయన. సంతోష్ దత్తా ఆ పాత్రలో ఎంతగా ఒదిగిపోయాడంటే, రాయ్ ఆ తర్వాతి కథలకు వేసిన బొమ్మల్లో జటాయుకు ఆ నటుడి పోలికలే వచ్చాయి. మనం నవ్వే మనిషిని మనం ప్రేమించాలి కూడా. లేకపోతే ఆ హాస్యం రెండో భాగానికే విసుగు పుట్టిస్తుంది.

అపోహ: మూలకథలో ఏం మార్చినా రచయితకు ద్రోహమే

క్రిస్టీ సృష్టించిన మరో డిటెక్టివ్ మిస్ మార్పుల్‌. ఆ పాత్రలో మార్గరెట్ రూథర్‌ఫర్డ్ నటించగా 1961 నుంచి 1964 దాకా నాలుగు సినిమాలు వచ్చాయి. క్రిస్టీకి అవి నచ్చలేదు. ఆమె రాసిన మార్పుల్ సన్నగా, నెమ్మదిగా, అల్లిక పట్టుకుని ఒక మూల కూర్చునే ముసలావిడ. రూథర్‌ఫర్డ్ ఏమో తుపానులా వస్తుంది, గుర్రమెక్కుతుంది, కత్తి కూడా దూస్తుంది. రెండు సినిమాలకు మూలమైన నవలల్లో మిస్ మార్పుల్ అసలు లేనే లేదు, అవి పాయ్‌రో కథలు. నాలుగోదానికి మూలమైన నవలే లేదు.

వీటిలో ‘మర్డర్ మోస్ట్ ఫౌల్’కు మూలం ‘మిసెస్ మెక్‌గింటీస్ డెడ్’. ఆ నవలలో అరియాడ్నే ఆలివర్ అనే రచయిత్రి ఉంటుంది. తన ముసలి డిటెక్టివ్‌ను నాటకం కోసం పడుచువాడిగా మార్చేస్తున్న అనుసరణకర్తతో ఆమె తలపట్టుకుంటుంది. సరిగ్గా ఆ నవలనే తెరకెక్కించినవాళ్లు డిటెక్టివ్‌నే మార్చేశారు! క్రిస్టీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. అయినా 1962లో ఆమె తన మార్పుల్ నవల ‘ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్’ను రూథర్‌ఫర్డ్‌కే అభిమానంతో అంకితమిచ్చింది. సినిమాలు నచ్చకపోయినా ఆ నటిని గౌరవించింది.

మొదటి సినిమా ‘మర్డర్ షి సెడ్’లో చేసిన మార్పును మాత్రం నేను గట్టిగా సమర్థిస్తాను. నవలలో పక్క రైల్లో జరిగిన హత్యను చూసేది ఒకరు, అనుమానం ఉన్న ఇంట్లో పనికి కుదిరి కూపీ లాగేది ఇంకొకరు, వాటన్నిటినీ కలిపి ఆలోచించేది మార్పుల్. సినిమాలో ఈ మూడు పనులూ మిస్ మార్పుల్ ఒక్కతే చేస్తుంది. కూర్చుని ఆలోచించే మనిషిని పుస్తకంలో వంద పేజీలు భరించవచ్చు, తెరమీద పది నిమిషాలు కష్టం. ఆ కథలో చిన్న వేషం వేసిన జోన్ హిక్సన్ తర్వాత 1984 నుంచి 1992 వరకు బీబీసీలో మిస్ మార్పుల్‌గా నటించింది. మూలానికి అంత దగ్గరగా వచ్చిన మార్పుల్‌ను నేను మరొకరిలో చూడలేదు. ఈ ఇద్దరు మార్పుల్‌లూ నాకు కావాలి.

రాయ్ అయితే ‘సోనార్ కెల్లా’ను తన కథే అయినా మార్చుకున్నాడు. పుస్తకంలో చివరిదాకా దాచిన దుష్టులను సినిమాలో ముందే చూపించేశాడు. ఎవరన్న ప్రశ్న పోయి, ఎప్పుడు ఎలా దొరుకుతారన్న ఉత్కంఠ వచ్చింది. నవ్వుకునే తీరిక కూడా దొరికింది.

అపోహ: పేరడీ అన్నా, హాస్య అనుసరణ అన్నా ఒకటే

కాదు. పేరడీ ఆ కథారీతినే చూసి నవ్వుతుంది. 1976 నాటి ‘మర్డర్ బై డెత్’ అలాంటిది, పేరున్న డిటెక్టివ్‌లందరినీ ఒకే ఇంట్లో చేర్చి ఆటపట్టిస్తుంది. అనుసరణ ఆ కథను నమ్ముతుంది. చివర్లో ముడి విప్పినప్పుడు ప్రేక్షకుడు ఔరా అనాలి. పేరడీకి ఆ బాధ్యత లేదు.

అపోహ: నవ్విస్తే చావును చులకన చేసినట్టే

ఈ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే చేతకాని చోట అది నిజమవుతుంది. నా వరకు నేను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. గర్వం, పిసినారితనం, డాంబికం, అబద్ధం వీటన్నిటినీ చూసి నవ్వవచ్చు. పోయినవాళ్ల కోసం నిజంగా ఏడుస్తున్న మనిషి ఉన్న సీనులో మాత్రం ఒక్క జోకు కూడా ఉండకూడదు. అలాంటి మనిషి కథలో ఒక్కరైనా ఉండాలి. లేకపోతే శవం ఆటబొమ్మ అవుతుంది.

క్రిస్టీ నాటకం ఆధారంగా 1957లో బిల్లీ వైల్డర్ తీసిన ‘విట్నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్’ చూడండి. జబ్బుపడి లేచిన లాయరుకు ఒక నర్సును తోడిచ్చారు. నాటకంలో ఆమె లేదు. లాయరుగా చేసిన చార్లెస్ లాటన్, నర్సుగా చేసిన ఎల్సా లాంచెస్టర్ నిజజీవితంలో దంపతులు. చుట్టలు దాచడం, ఫ్లాస్కులో కోకో బదులు బ్రాందీ పోయడం, ఆమె పట్టుకోవడం, వీటితో సినిమా సగం నవ్వుల్లో గడుస్తుంది. కోర్టులో సాక్షి నిలబడగానే మాత్రం నవ్వు పక్కకు తప్పుకుంటుంది. అంతసేపు తేలికపడిన మనసు మీద ముగింపు దెబ్బ రెండింతలుగా తగులుతుంది.

డేవిడ్ సూషే పాయ్‌రోగా 1989 నుంచి 2013 వరకు వచ్చిన 70 భాగాల్లోనూ ఈ తూకం కనిపిస్తుంది. తొలి ఏళ్లలో పాయ్‌రో మిత్రుడు హేస్టింగ్స్, పోలీసు అధికారి జాప్, కార్యదర్శి మిస్ లెమన్‌లతో కులాసాగా సాగిన కథలు పోనుపోను చీకటిగా మారతాయి. చివరి భాగం మనల్ని అంతగా కదిలించడానికి కారణం, ఆ మనుషులతో అన్నేళ్లు కలిసి నవ్వి ఉండటమే.

అపోహ: పాత డిటెక్టివ్‌లను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు

కొత్తగా రాయడానికి వచ్చేవాళ్లకు ఇది ముందుగా చెప్పాలి. హోమ్స్ విషయంలో ఇప్పుడు దారి సుగమమే. అమెరికాలో చివరి కథల కాపీరైటు కూడా 2023 జనవరి 1తో తీరిపోయింది. అంతకుముందు 2020లో ‘ఎనోలా హోమ్స్’ సినిమా మీద కానన్ డాయిల్ రచనల హక్కులు చూసే ఎస్టేట్ దావా వేసింది. హోమ్స్ ఆర్ద్రంగా, మనసున్న మనిషిగా కనిపించేది చివరి కథల్లోనేనని, వాటి హక్కులు ఇంకా తమవేనని దాని వాదన. కోర్టు ఏదీ తేల్చకముందే ఆ ఏడాది చివర్లో వ్యవహారం ముగిసింది. తేలికపాటి అనుసరణలు రాసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. మనం పాత్రకు అద్దే వెచ్చదనం ఏ కథలోంచి వచ్చిందన్నదే అక్కడ తగవుకు మూలమైంది.

క్రిస్టీ 1976లో మరణించింది. బ్రిటన్‌లో ఆమె రచనలపై హక్కులు 2046 చివరిదాకా ఉంటాయి. అమెరికాలో మాత్రం లెక్క అచ్చయిన సంవత్సరాన్ని బట్టి నడుస్తుంది, అందువల్ల 1920 నాటి మొదటి పాయ్‌రో నవల అక్కడ ఇప్పటికే అందరిదీ అయింది. ఒకే డిటెక్టివ్ ఒక దేశంలో స్వేచ్ఛగా దొరుకుతూ మరో దేశంలో దొరకకపోవచ్చు. కథ ఎంచుకున్న రోజే, ఆధారాల పట్టిక కంటే ముందే, అది ఏ ఏడాది అచ్చయిందో, సినిమా ఏయే దేశాల్లో విడుదలవుతుందో రాసి పెట్టుకుని న్యాయవాదికి చూపించండి.