వెనక సస్పెన్షన్ బుష్‌లు: అపోహలు - వాస్తవాలు

"రబ్బరు వద్దు అన్నా, ఈసారి పాలీ వేసేయ్."

నెలకి ఒకరిద్దరైనా ఈ మాటతోనే మా గ్యారేజీకి వస్తారు. వాళ్ళు అడిగేది బుష్‌ల గురించి, అంటే చక్రాన్ని పట్టుకునే లింకులు (కడ్డీలు) కారుకి కలిసే చోట ఉండే మెత్తని జాయింట్లు. పాలీ అంటే పాలీయురిథేన్, రబ్బరు కన్నా గట్టి పదార్థం. కారు బీఎండబ్ల్యూ 3 సిరీస్ అయినా ఆక్టేవియా ఆర్ఎస్ అయినా కథ ఒకటే. వెనక టైర్లు లోపలి అంచున గుండయిపోయాయి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద లేన్ మారితే ముందు భాగం వెళ్ళాక ఒక్క క్షణం ఆగి వెనక భాగం వస్తోంది. బుష్‌లు మార్చి ఏడాది కూడా కాలేదు, మళ్ళీ చిరిగాయి. దాంతో రబ్బరే పనికిరాదని ఎవరో చెప్పారు, వీళ్ళు నమ్మారు.

వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. డబ్బు పోయింది, కారు మీద నమ్మకం పోయింది. అలాంటప్పుడు ఎవరేం చెప్పినా వినాలనిపిస్తుంది. కానీ ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు మిగతా అన్నిటి వల్లా కలిపి పోయి ఉండదు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: రబ్బరు బుష్ త్వరగా చిరిగిందంటే రబ్బరు నాసిరకం

నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం రబ్బరు బాగున్నవే. బిగించిన తీరే తప్పు. కారు లిఫ్ట్ మీద ఉండి, చక్రాలు కిందికి వేలాడుతున్నప్పుడే బోల్టులు బిగించేశారు.

రబ్బరు బుష్‌లో లోపల ఒక ఇనుప స్లీవ్, బయట ఒక స్లీవ్, మధ్యలో రబ్బరు ఉంటాయి. ఆ రబ్బరు రెండు స్లీవ్‌లకీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి స్లీవ్ బ్రాకెట్‌కి పట్టుకుపోతుంది, ఇక తిరగదు. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా రబ్బరే మెలితిరిగి, మళ్ళీ తన స్థితికి వస్తుంది. ఇది బేరింగ్‌లా తిరిగేది కాదు, ఒక చిన్న స్ప్రింగ్ అనుకోండి.

చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరుకి ఆ వేలాడే స్థితే సున్నా అవుతుంది. కారు నేల మీదకి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలితిరిగే ఉంటుంది. ఉదాహరణకి లింకు పొడవు 400 మిల్లీమీటర్లు, చక్రం 80 మిల్లీమీటర్లు కిందికి వేలాడింది అనుకుందాం. లెక్క కడితే పదకొండు డిగ్రీల పైనే మెలిక. కారు పార్కింగ్‌లో నిలబడి ఉన్నా, మీరు రాత్రి నిద్రపోతున్నా, ఆ రబ్బరు మాత్రం పిండిన తడిగుడ్డలా ఉంటుంది. దాని మీద మన స్పీడ్ బ్రేకర్లు, గుంతలు. ప్రతి గుంతకీ ఆ మెలిక ఇంకా పెరుగుతుంది. చిరగక ఏం చేస్తుంది?

ఇంకో నష్టం కూడా ఉంది. మెలితిరిగిన బుష్‌లు కారుని కాస్త పైకి ఎత్తి పట్టుకుంటాయి. ఆ ఎత్తులో అలైన్‌మెంట్ చేస్తే, బుష్‌లు అలిసి కారు దిగాక కొలతలన్నీ మారిపోతాయి. మళ్ళీ టైరు తినేస్తుంది.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. మొదటి ఏడాది ఒక మారుతి ఎస్టీమ్ కింద పడుకుని, జాకీ మీద ఉండగానే ఆర్మ్ బోల్టు బలంగా బిగిస్తున్నాను. మా గురువుగారు నా చేతిలో స్పానర్ పట్టుకుని ఆపారు. "బండి కాళ్ళ మీద నిలబడ్డాక బిగించరా" అన్నారు. ఎందుకని అడిగితే ఒక పాత బుష్ నా చేతిలో పెట్టి, లోపల గొట్టంలోకి రాడ్ దూర్చి తిప్పమన్నారు. తిప్పాను. వదిలేయగానే వెనక్కి వచ్చింది. "ఇప్పుడు తిప్పి పట్టుకునే ఉండు" అని టీకి వెళ్ళిపోయారు. ఆయన తిరిగి వచ్చేసరికి నా మణికట్టు పట్టేసింది. ఆ రోజు నుంచి నాకు మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన పని రాలేదు.

సరైన పద్ధతికి పెద్ద సామాను అక్కర్లేదు. కారు ఎత్తకముందే, నేల మీద ఉండగా, హబ్ (చక్రం బిగించే భాగం) మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవాలి. నేను ఆ అంకెని మాస్కింగ్ టేపు మీద రాసి, ఆ పక్క ఫెండర్‌కే అంటిస్తాను. బుష్‌లు, లింకులు ఎక్కించాక బోల్టులు చేత్తో వదులుగా మాత్రమే పెట్టాలి. తర్వాత నకిల్ (హబ్‌ని పట్టుకునే ముక్క) కింద జాకీ పెట్టి, కొలత మళ్ళీ అదే అంకె వచ్చే దాకా లేపాలి. అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగించామో చూపించే స్పానర్) బిగించాలి. ఒక జాగ్రత్త: జాకీతో లేపేటప్పుడు కారు లిఫ్ట్ చేతుల మీద నుంచి లేవకుండా ముందే బెల్టుతో కట్టాలి. ఇవన్నీ ఎందుకనుకుంటే నాలుగు స్తంభాల లిఫ్ట్ మీద, చక్రాలపై నిలబెట్టి బిగించండి, ఇంకా మంచిది.

పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో (ఆ తరం కోడ్ పేరు ఈ46) ట్రెయిలింగ్ ఆర్మ్, అంటే చక్రాన్ని ముందు వైపు నుంచి పట్టుకునే ఆర్మ్, ముందు బుష్‌కి మాత్రం పద్ధతి వేరు. ఆ బ్రాకెట్‌ని కారుకి ఎక్కించకముందే ఆర్మ్‌తో సరైన కోణంలో పెట్టి బోల్టు బిగించాలి. విప్పేముందు ఆ కోణం గుర్తు పెట్టుకోని వాళ్ళు రెండోసారి కూడా అదే తప్పు చేస్తారు.

మూడేళ్ళ కింద ఒక కుర్రాడు ఈ90 320డి తెచ్చాడు, అది ఈ46 తర్వాతి తరం 3 సిరీస్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, మొదటి ఉద్యోగం, ఇంట్లో వద్దన్నా వినలేదు. ఒక గ్యారేజీలో ఏడాదిలో రెండుసార్లు వెనక బుష్‌లు మార్పించాడు. ఒక జత టైర్లు పోయాయి. "అన్నా, అమ్మేయమంటే అమ్మేస్తా, నాన్నకి చెప్పాలంటేనే టెన్షన్‌గా ఉంది" అన్నాడు. కారుని చక్రాల మీదే ఉంచి, బ్రాకెట్ మీద నుంచి స్లీవ్ అంచు దాకా తెల్ల మార్కర్‌తో ఒక గీత గీశాను. అతన్ని ఫోన్ టార్చ్ పట్టుకోమని బోల్టు వదులు చేశాను. టక్‌మని శబ్దం వచ్చింది. స్లీవ్ తిరిగింది, గీత రెండు ముక్కలై పక్కకి జరిగింది. ఏడాదిగా ఆ కారు ఆ మెలికతోనే నడుస్తోంది. మళ్ళీ కంపెనీ గ్రేడ్ రబ్బరే వేశాను, కారు నిలబడిన ఎత్తులో బిగించాను. ఇప్పటికీ అవే ఉన్నాయి.

అపోహ: పాలీయురిథేన్ అంటేనే అప్‌గ్రేడ్

పాలీ బుష్ రబ్బరులా అతుక్కుని ఉండదు, స్లీవ్ మీద తిరుగుతుంది. అందుకే గాల్లో బిగించినా దానికి నష్టం లేదు. "రబ్బరు తీసేసి పాలీ వేయగానే సమస్య పోయింది" అనే వాళ్ళలో చాలామంది విషయంలో జరిగింది ఇదే. రబ్బరు తప్పు లేకుండానే దానికి చెడ్డపేరు వచ్చింది.

మరి పాలీ వేస్తే ఏమవుతుంది? గట్టిదనాన్ని షోర్ ఏ అంకెలో చెబుతారు. రోడ్డు కోసం చేసే పాలీ సుమారు 80, ట్రాక్ కోసం చేసేది 95 దాకా. ఒకే అక్షం మీద తిరిగే చోట అది బాగానే పనిచేస్తుంది. వెనక సస్పెన్షన్‌లో ప్రతి బుష్ అలా తిరగదు. ఈ46 ట్రెయిలింగ్ ఆర్మ్‌నే చూడండి. చక్రం పైకి వెళ్ళేటప్పుడు పక్క లింకులు దాన్ని లోపలికి లాగుతాయి, ఆర్మ్ కొంచెం అడ్డంగా కూడా వంగాలి. రబ్బరు ఆ వంపుని ఇస్తుంది. గట్టి పాలీ ఇవ్వదు, పట్టేస్తుంది. ఆ బలం ఎక్కడికో పోవాలి కదా, బ్రాకెట్‌కీ బాడీకీ పోతుంది. ఈ46లో వెనక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే చట్రం) దగ్గర ఫ్లోర్ రేకు పగుళ్ళు ఇవ్వడం అందరికీ తెలిసిన జబ్బే, దానికి మనం ఇంకా బరువు తోడు చేయడం ఎందుకు? ఆ బుష్ పక్కకి ఊగడం తగ్గాలంటే రబ్బరుతో పాటు లిమిటర్ బిళ్ళలు వేసుకోవచ్చు.

బుష్ మెత్తదనం కంపెనీ వాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిందని కొందరు అంటారు. అది నిజం కాదు. 1977లో వచ్చిన పోర్షే 928 వెనక సస్పెన్షన్‌కి వైసాఖ్ యాక్సిల్ అని పేరు. మలుపులో డ్రైవర్ కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రం బయటి వైపు తిరిగి కారు అదుపు తప్పే ప్రమాదం ఉంటుంది. ఆ కారులో ముందు వైపు జాయింటు కావాలనే కాస్త జరిగేలా పెట్టి, అలాంటప్పుడు చక్రం లోపలికి, అంటే టో-ఇన్ వైపు తిరిగేలా చేశారు. మంచి మల్టీలింక్ (ఒక్కో చక్రానికి చాలా లింకులుండే) సస్పెన్షన్‌లో ప్రతి బుష్ ఎటు ఎంత మెత్తగా ఉండాలో అలా లెక్క వేసి పెడతారు. నాలుగు బుష్‌లు రబ్బరు, రెండు పాలీ అని కలగలిపితే ఆ లెక్క చెడిపోతుంది.

"మరి 2014 బీఎండబ్ల్యూ ఎం3లో వెనక సబ్‌ఫ్రేమ్‌ని రబ్బరు లేకుండా నేరుగా బాడీకే బిగించారు కదా?" అని ఒకతను అడిగాడు. నిజమే. అయితే ఆ కారు బాడీ, డంపర్లు, మిగతా బుష్‌లు అన్నీ దానికి తగ్గట్టే చేశారు. అందులోంచి ఒక్క ముక్క తెచ్చి 320డిలో పెట్టుకోవడం వేరే పని.

రోజూ ఆఫీసుకి, సెలవుల్లో శ్రీశైలం ఘాట్‌కి వెళ్ళే కారైతే కంపెనీ గ్రేడ్ రబ్బరు వేయండి. ఇందులో నాకు రెండో మాట లేదు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి తరచూ తీసుకెళ్తారా? అప్పుడు రండి, ఏ చోట పాలీ వేయొచ్చో కూర్చుని మాట్లాడుకుందాం. కిర్రుమనే శబ్దానికీ, విప్పి గ్రీజు పెట్టే పనికీ సిద్ధపడే రండి. ఆ గ్రీజు కూడా బుష్‌తో ఇచ్చిన సిలికాన్ రకమే వాడాలి.

మిగతావి, త్వరగా

"బుష్‌లో రబ్బరు తక్కువ వేసి మోసం చేశారు." కొన్ని బుష్‌ల రబ్బరులో కనిపించే నెలవంకల్లాంటి ఖాళీలు కావాలని వదిలినవే. ముందూ వెనకా మెత్తగా, పక్కకి గట్టిగా ఉండాలని. ప్రెస్‌లో వేసేటప్పుడు అవి ఎటు ఉండాలో గుర్తు చూసి పెట్టాలి. తొంభై డిగ్రీలు తిప్పి వేస్తే కొత్త బుష్ వేసినా ఫలితం లేదు.

"అలైన్‌మెంట్ షీట్ అంతా పచ్చగా ఉంది, బుష్‌లు బాగున్నట్టే." మెషీన్ కొలిచేది నిలబడిన కారుని. చిరిగిన బుష్ కదిలేది బ్రేకు వేసినప్పుడు, మలుపులో. ప్రై బార్ పెట్టి కదిలించి చూడండి.

"సన్నని పగుళ్ళు కనిపించాయి, మార్చేయాలి." పైపైన వెంట్రుకవాసి గీతలు వయసు వల్ల వస్తాయి. స్లీవ్ నుంచి రబ్బరు విడిపోయిందా, లోతుగా చీలిందా, టైరు లోపలి అంచు తింటోందా అన్నది చూడాలి. అవేవీ లేకపోతే కంగారు పడకండి.

"లేత్ షాపులో నైలాన్ బుష్ తిప్పిద్దాం, జన్మలో పోదు." బుష్ పోదు, బ్రాకెట్ పోతుంది. దయచేసి వద్దు.

"డబ్బా మీద కారు లోగో లేకపోతే నకిలీ." బీఎండబ్ల్యూ సస్పెన్షన్ భాగాలు చాలావాటిని చేసేది జెడ్ఎఫ్ వాళ్ళ లెమ్‌ఫోర్డర్. అదే ముక్క వాళ్ళ డబ్బాలో తక్కువ ధరకి దొరుకుతుంది. తెలిసిన డీలర్ దగ్గర కొనండి, తయారీ తేదీ అడగండి. ఏళ్ళ తరబడి అల్మారాలో ఉన్న రబ్బరు కొత్తది కాదు.

"పాత బోల్టులు బాగానే ఉన్నాయి." టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని మాన్యువల్‌లో ఉన్న బోల్టులు ఒకసారి సాగాక మళ్ళీ వాడకూడదు. ఒక పక్క బుష్ పోతే రెండో పక్క కూడా మార్చండి.

ఇక అందరూ భయపడుతూ అడిగే ప్రశ్న: "ఇలాగే ఇంటికి నడుపుకుంటూ వెళ్ళొచ్చా?" రబ్బరు చిరిగినా స్లీవ్ మధ్యలో బోల్టు ఉంటుంది, లింకు అక్కడే ఉంటుంది. చక్రం ఊడిపోదు. ఊళ్ళో నలభై దాటకుండా నడుపుకుని వెళ్ళండి, ఓఆర్ఆర్ ఎక్కకండి, వర్షంలో అసలే వద్దు. బ్రేకు వేస్తే వెనక నుంచి ఠంగుమని ఇనుము శబ్దం వస్తున్నా, స్టీరింగ్ తిప్పకుండానే కారు పక్కకి లాగుతున్నా అక్కడే ఆపి ఫ్లాట్‌బెడ్ పిలవండి. వచ్చేటప్పుడు పాత బిల్లులు, పాత అలైన్‌మెంట్ షీట్లు ఉంటే తెచ్చుకోండి. ఎప్పటి నుంచి టైరు తినడం మొదలైందో వాటిలో దొరుకుతుంది.