తీగ తెగకుండానే ఇంటర్నెట్ ఎలా ఆగిపోతుంది?

అణుబాంబు పడినా ఆగకూడదన్న ఉద్దేశంతోనే ఇంటర్నెట్‌ను తయారుచేశారని తమ పుస్తకంలో ఉందనీ, అలాంటప్పుడు 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తరువాత ఒక్క ఉత్తర్వుతో కోనసీమలో అది ఎలా ఆగిపోయిందనీ టెక్కలిలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగింది. ఆ రోజుల్లో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ తిరిగారు. యుద్ధాన్నీ, పౌరస్వేచ్ఛనూ ఒకేచోట ముడివేసే ప్రశ్న కాబట్టి దీనికి కొంచెం వివరంగానే జవాబు చెప్పాలి.

పుస్తకంలోని మాట సగమే నిజం. అణుదాడిని తట్టుకునే సమాచార వ్యవస్థ కోసం సందేశాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకు ఏ దారి దొరికితే ఆ దారిలో పంపాలని 1960ల ఆరంభంలో ఆలోచించినవారు అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థకు చెందిన పాల్ బారన్. 1969 అక్టోబరు 29న తొలి సందేశం పంపిన ఆర్పానెట్ (ఇంటర్నెట్‌కు మూలమైన అమెరికా నెట్‌వర్కు) మాత్రం దూరంలోని కంప్యూటర్లను పరిశోధకులు పంచుకుని వాడుకోవడానికి పుట్టింది. ఈ రెండు కథలనూ కలిపేసి, ఆపైన నెట్‌వర్కు పనిని విడదీసి చెప్పే ఏడు పొరల పేర్లు బట్టీ పట్టించి వదిలేసే మన పాఠాల్లో అసలు కీలకమైన బీజీపీ (బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్), అంటే నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఏర్పాటు గురించి సరైన వివరణ కనిపించకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇంటర్నెట్ అంటే 70 వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్కుల కూడిక. వాటన్నిటి దారులూ తెలిసిన కేంద్రం ఎక్కడా లేదు. శ్రీకాకుళం నుంచి సోంపేటకు సరుకు తీసుకెళ్లే లారీ డ్రైవరు దగ్గర పటం లేదనుకుందాం. నరసన్నపేట, టెక్కలి, పలాస కూడళ్లలో ఒక్కో మనిషి ఒక్కో పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. సోంపేటవాళ్లు "మా ఊరు ఇక్కడ ఉంది" అని పలాసకు కబురు పెడతారు. పలాస మనిషి "సోంపేటకు నా మీదుగా రండి" అని టెక్కలికి చెబుతాడు. టెక్కలి మనిషి అదే మాట నరసన్నపేటకు చేరవేస్తాడు. ఎవరూ స్వయంగా వెళ్లి చూసిరారు, పక్క కూడలి చెప్పిన మాట నమ్మి రాసుకుంటారు. నెట్‌వర్కుల కూడళ్లలో దారి చూపే రౌటర్లు అనే యంత్రాలు బీజీపీ ద్వారా ఒకదానికొకటి చెప్పుకునేది సరిగ్గా ఇదే. ఇప్పుడు సోంపేటవాళ్లే "మా ఊరికి దారి లేదు" అని కబురు పెడితే, పలాస తన పుస్తకంలో ఆ దారిని కొట్టేస్తుంది, టెక్కలి కొట్టేస్తుంది, నరసన్నపేట కొట్టేస్తుంది. ఊరు ఉంది, రోడ్డు ఉంది, కానీ దారి చెప్పేవాడు లేక లారీ మొదటి కూడలిలోనే ఆగిపోతుంది.

ఈజిప్టులో జరిగింది ఇదే. నిరసనలు ఉధృతమైన వేళ, 2011 జనవరి 27 అర్ధరాత్రి దాటాక, ఆ దేశపు ఇంటర్నెట్ కంపెనీలు నిమిషాల వ్యవధిలో దాదాపు 3,500 దారుల ప్రకటనలను వెనక్కి తీసుకున్నాయి. స్టాక్ ఎక్స్ఛేంజికి సేవలందించే నూర్ అనే కంపెనీ మరికొన్ని రోజులు నిలిచి, అదీ ఆగిపోయింది. ఫిబ్రవరి 2న ప్రకటనలు తిరిగి రాగానే దేశం మళ్లీ కనిపించింది.

కూడలి మనుషులకు ఇంకో నియమం ఉంది: ఊరి పేరు చెప్పినవాడికన్నా వీధి పేరు కూడా చెప్పినవాడి మాటకే విలువ ఎక్కువ. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపదలచి, ఆ సంస్థకు చెందిన 208.65.153.0 మొదలుకొని 256 ఇంటర్నెట్ చిరునామాలకు దారి తమదేనని ప్రకటించింది. యూట్యూబ్ ప్రకటన 1,024 చిరునామాల గుత్తికి సంబంధించినది కాబట్టి, చిన్న గుత్తి చెప్పిన పాకిస్తాన్ మాటే చెల్లింది. ఆ ప్రకటన హాంకాంగ్ కంపెనీ ఒకదాని మీదుగా బయటికి పొక్కి, సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందలేదు. యూట్యూబ్ ముందు అదే 256 చిరునామాలను, తరువాత వాటినే 128 చొప్పున రెండుగా విడదీసి ప్రకటించి తన దారిని తిరిగి దక్కించుకుంది. ఒక ప్రభుత్వం తన పౌరుల మీద ప్రయోగించిన నిషేధం, ఎవరూ దాడి తలపెట్టకుండానే, దేశాల హద్దులు దాటి దాడిలా పనిచేసింది.

యుద్ధంలో ఇదే పని తెలిసి చేస్తారు. 2022లో రష్యా ఆక్రమించిన ఖెర్సన్‌లో ఉక్రెయిన్ కంపెనీల రాకపోకలు క్రిమియా మీదుగా రష్యా నెట్‌వర్కులకు మళ్లాయి. అప్పటి నుంచి అక్కడివారు చదివేది ఏది, చదవకూడనిది ఏది అన్నది రష్యా కూడలి చేతిలో పడింది. అంతకుముందు, ఫిబ్రవరి 24న దండయాత్ర మొదలవుతున్న గంటల్లోనే, వయాశాట్ ఉపగ్రహ సేవ వాడే వేలాది మోడెముల జ్ఞాపకాన్ని చెరిపేశారు. దాని దెబ్బకు జర్మనీలో 5,800 గాలిమరలకు దూరం నుంచి పర్యవేక్షణ తెగిపోయింది.

ఇక కోనసీమ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఒకే జనరేటరుకు బోర్డులు తగిలించి ఊరందరి ఫోన్లూ ఛార్జింగు పెట్టుకున్న ఉద్దానం వారికి, ఛార్జింగు నిండినా సిగ్నల్ గీతలు రాని ఆ తెరలు గుర్తుండే ఉంటాయి. అక్కడ కూలినవి స్తంభాలు. కోనసీమలో టవర్లన్నీ నిలబడే ఉన్నాయి. ఆ ప్రాంతపు ఫోన్లకు డేటా ఇవ్వవద్దని మొబైల్ కంపెనీలకు ఆదేశం వెళ్లింది, అంతే. దేశం మొత్తాన్ని మాయం చేసే బీజీపీతో ఇక్కడ పనిలేదు. దారి చెప్పేవాడు కొద్దిమంది చేతుల్లో ఉండటమన్న బలహీనత మాత్రం రెండుచోట్లా ఒకటే.

వదంతులను అరికట్టడానికే ఆపుతున్నామని ప్రతిసారీ చెబుతారు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట ఒక్క రోజులో దేశమంతా పాకింది. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చి అప్పటికి నెల దాటిందంతే, ఆ కనెక్షను ఉన్నవారు వేళ్ల మీద లెక్కించదగినంతమంది. రంగు కలిపిన పాలతో తలతన్యతను చూపించి శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణను జనానికి చేర్చడానికి టీవీలు, పత్రికలు కావలసి వచ్చాయి. నోటిమాటకు నెట్‌వర్కు అక్కరలేదు, దాన్ని ఖండించే మాటకే అది కావాలి.

నిరవధికంగా ఆపడం చెల్లదనీ, ఆపిన ఉత్తర్వును ప్రచురించి తీరాలనీ 2020 జనవరి 10న, కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేతను సవాలు చేసిన పాత్రికేయురాలు అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆగిన 4జీ పూర్తిగా తిరిగి వచ్చింది మాత్రం 2021 ఫిబ్రవరిలో. ఇప్పుడు ఒక ఉత్తర్వు 15 రోజులకు మించి నడవకూడదు, అయిదు రోజుల్లో సమీక్షా సంఘం దాన్ని పరిశీలించాలి. రాష్ట్రంలో ఆ సంఘంలో కూర్చునేవారు ప్రధాన కార్యదర్శి, మరో ఇద్దరు కార్యదర్శులు, అంటే ఆపిన ప్రభుత్వపు అధికారులే. విశ్రాంత న్యాయమూర్తులనూ ప్రజల నుంచి కొందరినీ చేర్చాలని 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం సిఫారసు చేసినా, 2024లో వచ్చిన కొత్త నిబంధనల్లో వారికి చోటు దక్కలేదు.