‘భక్తి’లో గుడి ఎవరిది?

బెంగళూరులో మారతహళ్లి వైపు మేముండే అపార్ట్‌మెంట్‌లో కదిరి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఒకటి ఉంది. వాళ్ల అబ్బాయి మూడో తరగతి చదువుతున్నాడు. బడిలో కన్నడం నేర్చుకుంటాడు, సాయంత్రం పూట తల్లి ఇంట్లో తెలుగు చెబుతుంది. ఆమె ఒకనాడు నన్ను అడిగారు: ‘‘సార్, వీడికి అఆలు, గుణింతాలు, వత్తులు అన్నీ వచ్చు, చూడకుండా రాస్తాడు. కానీ ఒక వాక్యం చదివించి ఏం చదివావురా అంటే చెప్పలేడు. ఎందుకంటారు?’’

అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక పేజీ చదివించాను. ‘లక్ష్మి’ అనే పేరును తడుముకోకుండా చదివాడు. రెండు పంక్తుల కింద ‘సూక్ష్మం’ దగ్గర వేలు ఆగిపోయింది. ఆ తరువాత వచ్చిన ‘భక్తి’ని ‘భకిత’ అన్నాడు. తల్లికి కోపం వచ్చింది గానీ, నాకు మాత్రం ఆ ‘భకిత’ ఎంతో విలువైనదిగా తోచింది. లక్ష్మిని అతడు చదవలేదు, ఎన్నోసార్లు చూసిన ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. నిజంగా చదివింది ‘భకిత’నే. కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా చదివాడు.

‘భక్తి’ని ఒకసారి తీరిగ్గా చూడండి. ‘క్తి’ అనే అక్షరంలో గుడి ‘క’ నెత్తిన ఉంది, ‘త’ వత్తుగా కింద ఉంది. కంటికి కనబడే వరుస క, ఇ, త. చెవికి వినబడే వరుస క్, త్, ఇ. గుడి కూర్చున్నది ‘క’ మీద, పలికేది ‘త’తో. మన లిపిలో వత్తున్న ప్రతి అక్షరంలోనూ అచ్చు గుర్తు పై హల్లుకు తగిలించి ఉంటుంది, కానీ పలకడం మాత్రం కింది హల్లు తరువాతనే. ‘స్త్రీ’లో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. గుడిదీర్ఘం ‘స’ మీద ఉంటుంది, త వత్తు కింద ఉంటుంది, క్రావడి ఎడమవైపు నుంచి చుట్టుకొని వస్తుంది. ఎడమ నుంచి కుడికి చదవమని నేర్పిన కంటికి మొదట ఎదురయ్యేది ‘ర’, పలకవలసిన హల్లులలో అది చివరిది. పైగా త, న, మ, య, ర, ల వత్తులు తల్లి అక్షరాన్ని ఏమాత్రం పోలవు. ఇన్ని మడతలున్న అక్షరాన్ని ఎనిమిదేళ్ల పిల్లవాడు క్షణంలో విప్పి మళ్లీ కూర్చుకోవాలి.

దీనికి తోడు మరొక పేచీ ఉంది, దీని గురించి బడిలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ‘భక్తి’ అని నోటితో నిదానంగా పలుకుతూ చప్పట్లు కొట్టండి. భక్, తి అని రెండు చప్పట్లు పడతాయి. రాతలో మాత్రం విరుపు భ, క్తి అని ఉంటుంది. నోరు విరిచే చోటు ఒకటి, కాగితం విరిచే చోటు మరొకటి. ఈ సంగతి మన ఛందస్సు చెప్పినవాళ్లకు బాగా తెలుసు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందన్న సూత్రం ఇదే కదా. ‘భ’ దానంతట అది లఘువే. పక్కనున్న ‘క్’ వచ్చి దానికి ఆనుకోవడం వల్ల గురువవుతుంది. తొమ్మిదో తరగతిలో గణవిభజనకు మాత్రమే పనికొచ్చే సూత్రంగా మిగిలిపోయిన ఈ మాటను రెండో తరగతిలో చదవడం నేర్పడానికి వాడుకోవచ్చు. ‘పై హల్లును ముందు అక్షరానికి ఇచ్చెయ్యి, గుడినీ కొమ్మునూ కింది వత్తుకు ఇచ్చెయ్యి’ అంటే చాలు. భక్-తి, ముక్-తి, పద్-మం, పుస్-త-కం. పదం మొదట్లోనే వత్తు వచ్చే ‘ప్రజ’, ‘స్త్రీ’ వంటి మాటలకు ఇది పనిచేయదు. అవి తక్కువే కనుక విడిగా నేర్పుకోవచ్చు.

తల్లి అడిగిన అసలు ప్రశ్నకు, అంటే చదివింది ఎందుకు గుర్తుండదన్న దానికి, జవాబు కూడా ఇక్కడే ఉంది. విన్న మాటలను కాసేపు మనసులో తిప్పుకొనే తాత్కాలిక జ్ఞాపకం ఒకటి మనకు ఉంటుంది. అందులో నిలిచేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంత మాట మాత్రమేనని మనస్తత్వ శాస్త్రవేత్త బ్యాడ్లీ, ఆయన సహచరులు 1975లో చూపించారు. ఇప్పుడు ‘ఉత్తరం అందగానే అమ్మ ఊరికి బయలుదేరింది’ అనే వాక్యాన్ని తీసుకోండి. ఇందులో 18 అక్షరాలున్నాయి. అక్షరానికి ఒక సెకను పట్టే పిల్లవాడు చివరనున్న క్రియను చదవడం పూర్తిచేసేసరికి 18 సెకన్లు గడిచిపోతాయి, ఉత్తరం సంగతి ఎప్పుడో జారిపోయి ఉంటుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక, ఎవరు, ఎందుకు, ఎక్కడికి అన్నవన్నీ అంతదాకా మోసుకెళ్లక తప్పదు. అక్షరాలు విప్పడానికే మనసంతా ఖర్చయిపోతే అర్థానికి ఏమీ మిగలదన్న మాటను లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు 1974లోనే సిద్ధాంతంగా చెప్పారు. పిల్లవాడికి తెలివి తక్కువై కాదు, ధ్యాస లేకా కాదు.

ఇలాంటి పిల్లలకు సరస్వతి ఆకు తినిపించమనీ, చిన్నప్పుడు వస పోయలేదేమోననీ పెద్దవాళ్లు అనడం వింటుంటాను. ప్రేమతోనే అంటారు, కానీ చదువు ఆకుతో రాదు. చదవడం నేర్చుకున్న వారి మెదడులో ఎడమవైపు వెనక, అడుగు భాగంలో, అక్షరాలకు ప్రత్యేకంగా స్పందించే చోటు ఒకటి ఏర్పడుతుంది. నిరక్షరాస్యుల్లో ఆ చోటు అక్షరాలకు అలా స్పందించదు. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న వారిలో సైతం అది ఏర్పడుతుందని మెదడు శాస్త్రవేత్త డెహేన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాలవారిని పరిశీలించి 2010లో వెల్లడించింది. చదవగా చదవగా కట్టుకొనే ఇల్లు అది.

మన లిపుల్లో ఆ ఇల్లు కట్టడానికి ఎక్కువ కాలం పట్టడం సహజం. 35 హల్లులకు 12 చొప్పున లెక్క వేసినా గుణింతాలే 420 అవుతాయి, వత్తులు వాటికి అదనం. బెంగళూరులోనే పనిచేసిన సొనాలి నాగ్ కన్నడ పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాల మీద పట్టు సాధించడం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని తేలింది. రెండో తరగతితో వత్తులు ‘అయిపోయాయి’ అనుకొనే పాఠ్యప్రణాళికకూ, పిల్లల మెదడుకూ ఇక్కడే పొత్తు కుదరడం లేదని నా అభిప్రాయం. గ్రామీణ భారతంలో మూడో తరగతి చదివే ప్రభుత్వ బడి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమేనని పిల్లల చదువు స్థితిని కొలిచే ‘అసర్’ సర్వే 2024 నివేదిక చెప్పినప్పుడు, తప్పు పిల్లలదో పంతుళ్లదో తేల్చే ముందు ఈ లెక్కను కూడా చూడాలి.

వర్ణమాలను వరుసలోనే నేర్పాలన్న పట్టుదలను కర్ణాటక ఎప్పుడో సడలించింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి పద్ధతిని చూసి, 1995లో హెగ్గడదేవనకోటె తాలూకాలో మొదలైన ‘నలి-కలి’ అనే బోధనా పద్ధతిలో కన్నడ అక్షరాలు అ, ఆ, ఇ, ఈ అని రావు. ర, గ, స, ద, అ అని వస్తాయి. మొదటి మూడు అక్షరాలు రాగానే పిల్లవాడు ‘గరగస’ అని చదవగలడు. కన్నడంలో రంపానికి అదే మాట. ‘అ’ కూడా చేరితే ‘అరస’, రాజు. వారం తిరగకముందే చదివినదానికి అర్థం దొరుకుతుంది.

ఇక మన అబ్బాయి విషయం. తరగతిలో అందరూ కలిసి పాఠం వల్లించేటప్పుడు వేలు ఒక పంక్తి మీద, నోరు మరొక పంక్తి మీద ఉండటం నేను చూశాను. అందుకే ఒక్కడినే, వేలు పెట్టి, అయిదారు వాక్యాల ముక్కను చదివించమని ఆమెకు చెప్పాను. మరునాడు కొత్త పాఠం వద్దు, అదే ముక్క. మూడోనాడూ అదే. ఒకే భాగాన్ని వేగం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని, ఇంతకు ముందు పేర్కొన్న శామ్యూల్స్ 1979లో వివరించారు. వత్తు వచ్చినచోట పెన్సిలుతో ఒక చిన్న గీత, భక్/తి అని. మూడు వారాలకు ‘సూక్ష్మం’ దగ్గర వేలు ఆగలేదు. అంతకన్నా ముఖ్యంగా, చదివిన కథలో ముసలమ్మ ఎందుకు ఏడ్చిందో తనంతట తానే తల్లికి చెప్పాడట.

మొన్న బస్టాపులో ఎర్ర బస్సు మీద ‘కర్నాటక సారిగె’ అన్న కన్నడ అక్షరాలు చూసి నన్ను అడిగాడు: ‘‘అంకుల్, ‘ర్’ అనేది ‘నా’ కంటే ముందు పలుకుతాం కదా, మరి ‘నా’ తరువాత ఎందుకు రాశారు?’’ దాన్ని కన్నడంలో అర్కావత్తు అంటారు. ఇంటికి తీసుకెళ్లి మా తాతగారి కాలంనాటి తెలుగు పుస్తకం ఒకటి తెరిచి, ‘సర్వ’ అన్నచోట ‘స’ పక్కన ‘వ’నూ, దాని వెనుక ౯ లాంటి గుర్తునూ చూపించాను. ఒకప్పుడు మనమూ అలాగే రాసేవాళ్లం, దాన్ని వలపలగిలక అంటారని చెప్పబోయేలోగానే వేలు పెట్టి చదివేశాడు: ‘‘సర్, వ.’’