ఇసుకలో పాతిన రేసు కారు, తెగిన చైన్

బైకు చైన్ తెగితే ప్రాణం తీసేంత జోరుగా ఎగురుతుందా అని ఒక పాఠకుడు అడిగారు. మనం నడిపే వేగాల్లో అంత భయం అక్కర్లేదు. తెగిన చైన్ వెనక చక్రంలో చిక్కుకుని చక్రం బిగుసుకుపోవడమే అసలు ప్రమాదం. అయితే ఈ ప్రశ్న వినగానే నాకు బాబ్స్ అనే కారు గుర్తొచ్చింది. ఎగిరిన చైనే డ్రైవర్ని చంపిందని ఆ కారు గురించి దశాబ్దాల పాటు అందరూ నమ్మారు.

కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ ఇంగ్లండ్‌లో ఈ కారు కట్టించాడు. మొదటి ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో తయారైన లిబర్టీ విమానం ఇంజన్ తెచ్చి ఇందులో పెట్టాడు. 12 సిలిండర్లు, మొత్తం 27 లీటర్లు. అంటే ఒక్కో సిలిండరే 2.25 లీటర్లు, మన రోడ్ల మీద తిరిగే చాలా కార్ల ఇంజన్ మొత్తం కంటే పెద్దది! శక్తి దాదాపు 450 హార్స్‌పవర్. 1924లో జ్బొరోవ్‌స్కీ ఇటలీలోని మోంజాలో వేరే కారు నడుపుతూ చనిపోయాడు. పారీ థామస్ అనే ఇంజనీరు ఈ కారును 125 పౌండ్లకు కొన్నాడు. థామస్ అంతకుముందు లేలాండ్ మోటార్స్‌లో చీఫ్ ఇంజనీరు. పిస్టన్లు తనే డిజైన్ చేసి, నాలుగు కార్బురేటర్లు బిగించి, 1926 ఏప్రిల్‌లో వేల్స్‌లోని పెండైన్ సముద్రతీరం మీద గంటకు 171.02 మైళ్లు, అంటే 275 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు కొట్టాడు. 1927 ఫిబ్రవరిలో అదే తీరం మీద మాల్కమ్ క్యాంప్‌బెల్ అనే మరో డ్రైవర్ ఆ రికార్డును దాటేశాడు. దాన్ని తిరిగి దక్కించుకోవాలని మార్చి 3న బయల్దేరిన థామస్ ఆ పరుగులోనే చనిపోయాడు.

ఇంజన్ శక్తి వెనక చక్రాలకు చేరేది రెండు చైన్ల మీదుగా. కుడివైపు చైన్ తెగి ఉంది, డ్రైవర్ తలకు గాయమైంది. ఇంకేం, చైనే చంపిందని అందరూ తేల్చేశారు. విచారణ ముగిశాక కారును ఆ తీరంలోని ఇసుక దిబ్బల్లోనే పాతిపెట్టారు. ప్రమాదం జరిగిన బండిని 'అచ్చిరాలేదు' అని మనవాళ్లు వచ్చిన ధరకు వదిలించుకుంటారే, ఆ మనసు అన్ని దేశాల్లోనూ ఉంటుంది. ఆ బాధను నేను తక్కువ చేయను. కానీ బండిని పాతేస్తే అది ఎందుకు విరిగిందో చెప్పే సాక్ష్యమూ దాంతోపాటే మట్టిలోకి పోతుంది.

ఇప్పుడు చైన్ సంగతి చూద్దాం. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాళ్లు వడిసెల తిప్పడం చూసే ఉంటారు. రాయి తిరుగుతున్నంతసేపూ తాడు బిగుసుకునే ఉంటుంది. తిప్పే వేగం రెండింతలైతే బిగువు నాలుగింతలవుతుంది. తాడు వదిలితే రాయి చేతికి ఎదురుగా, బయటికి పోదు. ఆ క్షణాన ఎటు కదులుతోందో అటే తిన్నగా పోతుంది. చైన్‌లో ప్రతి లింకూ పళ్లచక్రం చుట్టూ తిరిగేటప్పుడు వడిసెల రాయే. ఈ రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఇంజన్ లాగకపోయినా, కేవలం తిరగడం వల్లే చైన్ మొత్తంలో ఒక బిగువు పుడుతుంది. దాని సూత్రం చాలా చిన్నది: మీటరు చైన్ బరువును వేగం వర్గంతో గుణించడమే. ఇందులో వ్యాసార్థం లేదు, గమనించండి. పళ్లచక్రం చిన్నదైనా పెద్దదైనా ఈ బిగువు మారదు, పైవరసలోనూ కిందివరసలోనూ ఒకేలా ఉంటుంది.

అంకెలు వేద్దాం. బాబ్స్ చైన్ మీటరుకు 5 కిలోలు, పళ్లచక్రం టైరులో సగం సైజు అనుకుందాం. కారు సెకనుకు 76 మీటర్లు పోతుంటే చైన్ 38 మీటర్లు పోతుంది. 38 వర్గాన్ని 5తో గుణిస్తే సుమారు 7,200 న్యూటన్లు, అంటే 730 కిలోల బరువు వేలాడదీసినంత. ఇంజన్ లాగుడు? 450 హార్స్‌పవర్‌ను రెండు చైన్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 4,400 న్యూటన్లు, 450 కిలోలు. శక్తిని మోసే భారం కంటే తనను తాను మోసుకునే భారమే ఎక్కువ! 80 కిలోమీటర్ల వేగంతో పోయే మన బైకు చైన్‌లో ఈ రెండో రకం భారం కొద్ది కిలోలే.

మరి ఆ భారానికే చైన్ తెగుతుందా? ఈ రోజుల్లో అంత లావు చైన్ పది టన్నులకు పైగా ఓర్చుకుంటుంది. నిలకడగా లాగితే తెగదు. లోహాన్ని అరగదీసేది వంపు. మూడు మీటర్ల చైన్ అయితే ప్రతి లింకూ సెకనుకు 12 సార్లు చుట్టి వస్తుంది, చుట్టుకు నాలుగుసార్లు మడత పడుతుంది. ఆ స్థితిలో పళ్లచక్రం కాస్త పక్కకు ఒరిగినా చాలు, చైన్ పని అయిపోయినట్టే. ఒరగడానికి ఏం కావాలి? అది బిగించి ఉన్న వెనక చక్రం విరగాలి. 40 సెంటీమీటర్ల వ్యాసార్థం దగ్గర, ఆ వేగంలో, రిమ్ము మీది 100 గ్రాముల లోహం సుమారు 150 కిలోల బరువుతో హబ్బును బయటికి లాగుతుంది. మన క్లాసుల్లో ఈ సూత్రాన్ని (బరువును వేగం వర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగించడం) కంఠతా పట్టిస్తారు కానీ ఇలాంటి చక్రం మీద ఒక్కసారైనా వేయించరు. వేయిస్తే పిల్లలకు జన్మలో మర్చిపోలేనంతగా పడుతుంది.

నిజానికి అలాంటి మాస్టారే బాబ్స్‌ను బయటికి తీశాడు. వేల్స్‌లోని బ్యాంగర్‌లో ఇంజనీరింగ్ చెప్పే ఓవెన్ విన్ ఓవెన్. పాతిన చోటు అప్పటికి సైన్యం చేతిలో ఉంది. వాళ్ల అనుమతీ, థామస్ బంధువుల సమ్మతీ సంపాదించి 1969లో తవ్వించాడు. 42 ఏళ్ల ఉప్పుతేమకు పైరేకులు పాడైపోయాయి. ఇంజన్ నుంచి చక్రాల దాకా ఉన్న యంత్రభాగాల్లో మాత్రం బాగుచేయదగినవి చాలానే దొరికాయి. వాటిని విప్పుతూ, తుప్పు వదిలిస్తూ, తిరిగి బిగిస్తూ ఆయన ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆ శిథిలాన్ని చూశాక బలపడిన వాదన ఇది: ముందు దెబ్బతిన్నది కుడి వెనక చక్రం, చైన్ తెగింది ఆ తర్వాత.

చైన్‌ను నిందించిన వాళ్లదీ అర్థంలేని మాట కాదు. కారు ముందుకు పోయేటప్పుడు చైన్ పైవరస కదిలేది ముందుకే, అంటే డ్రైవర్ కూర్చున్న వైపుకే. అది అక్కడ తెగితే వడిసెల రాయిలా అటే వస్తుంది. అయితే అటు రాగలగడం వేరు, ముందుగా తెగడం వేరు. ఆ తేడా కాగితం మీది లెక్కతో తేలదు, విరిగిన ముక్కల్ని చేతిలోకి తీసుకుని చూడాలి. బాగుచేసిన బాబ్స్ ఇంజన్ మళ్లీ మోగింది. పెండైన్‌లోనూ, ఇంగ్లండ్‌లోని బ్రూక్‌ల్యాండ్స్ మ్యూజియంలోనూ దాన్ని ప్రదర్శించారు. వేల్స్ వైపు వెళ్లే మనవాళ్లెవరైనా దాన్ని చూస్తే కుడివైపుకు వెళ్లి నిలబడండి. వెనక పళ్లచక్రం నుంచి డ్రైవర్ సీటు దాకా దూరం ఎంతుందో కంటితో కొలవండి.